నడిమి చుక్క

ఉదయగిరి హైస్కూలు సైన్సు మాస్టారు జయపాల్ తన భార్య సుకుమారి కళ్ళను చూసి గర్వపడిన రోజులు కొన్ని ఉన్నాయి. 1997 సెప్టెంబరు నుంచి క్రిస్మస్ ముందుదాకా నడిచాయి ఆ రోజులు. అవి గుర్తొస్తే చాలు, ఇప్పటికీ ఆయన కంచం ముందు నుంచి లేచి చెయ్యి కడిగేసుకుంటాడు. సుకుమారి చూపు పోయింది ఆ రోజుల్లోనే. పోతూ ఉంటే, ఆహా ఏం చూపు అని నలుగురినీ పిలిచి మరీ చూపించాడు ఈ పెద్దమనిషి.

అంత తెలివితక్కువవాడా అంటే, అదేం కాదు. తెలివే ఆయన కొంప ముంచింది. తిరుపతిలో ఎమ్మెస్సీ చదివే రోజుల్లో ఒకసారి అరవదేశంలోని కొండమీద పెద్ద టెలిస్కోపు చూడ్డానికి తీసుకుపోయారు. అక్కడ ఒక శాస్త్రవేత్త ఆకాశంలో పొగమరకలాంటి దాని వెలుగును సన్నటి చీలికలోంచి పంపించి, రంగులుగా విడగొట్టి చూపించాడు. వానవిల్లులాగా రంగులన్నీ కలిసి రాలేదు. నల్లటి చీకట్లో విడివిడిగా నాలుగైదు గీతలు నిలబడ్డాయి. అందులో ఆకుపచ్చ గీత ఒకటి మెరిసిపోతూ ఉంది. "దీన్ని గ్రహ నీహారిక అంటారు. చచ్చిపోతున్న నక్షత్రం ఇది," అన్నాడాయన. జయపాల్ మనసు అక్కడే పడిపోయింది. పరిశోధన చేస్తే దీనిమీదే చెయ్యాలి అనుకుని కొండ దిగాడు. దిగేసరికి తండ్రి వెంగయ్య మంచం పట్టాడు. ఒక్కగానొక్క కొడుకు. ఇంక పరిశోధనేముంది, బీఈడీ చేసి, ఉద్యోగం తెచ్చుకుని, మేనత్త రెబెకమ్మ కూతురు సుకుమారిని చేసుకుని ఉదయగిరిలో కుదురుకున్నాడు.

వాళ్ళకు పిల్లలు కలగలేదు. దాని గురించి వాళ్ళు బాధపడ్డదీ ఊరు బాధపడ్డదీ ఎప్పుడో అయిపోయింది. సుకుమారికి ఇల్లు, చర్చి, పుస్తకం. ఆదివారం ఆరాధనలో వాక్యం చదివేది ఆమే. గొంతు పెద్దదేం కాదు గానీ, చదువుతూ ఉంటే వెనక వరుసలో ముసలమ్మలు కూడా కునికిపాట్లు మానేసి వినేవాళ్ళు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ తగ్గాలో ఆమెకు తెలుసు. పాస్టరుగారు ఊళ్ళో లేని వారం ఏ లోటూ కనిపించేది కాదు. మనిషి మాత్రం నోటి దురుసు. మొగుణ్ణి ఆటపట్టించకపోతే ఆమెకు పొద్దు గడవదు.

సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చిన ఏడు మద్రాసులో సెలవుల శిబిరం పెట్టి, టెలిస్కోపు అద్దం చేత్తో అరగదీసుకోవడం నేర్పించారు. జయపాల్ పోయి నేర్చుకొచ్చాడు. పెరట్లో ఇనప డ్రమ్ము పెట్టి, దానిమీద గాజుబిళ్ళ పెట్టి, మధ్యలో గరుకుపొడి చల్లి, పైన ఇంకో బిళ్ళతో రుద్దుతూ డ్రమ్ము చుట్టూ తిరిగేవాడు. బడి నుంచి వచ్చిందే ఆలస్యం, ఇదే పని.

"గానుగెద్దు మాదిరి తిరగతా ఉండావు. నూనె ఎప్పుడొస్తాది బావా?" అనేది సుకుమారి వంటింటి గడపలో నిలబడి.

నూనె రాలేదు గానీ అద్దం తయారైంది. ఆత్మకూరులో ట్రంకుపెట్టెలు చేసేవాళ్ళతో రేకు గొట్టం చేయించి, మిద్దెమీద టెలిస్కోపు నిలబెట్టాడు. చందమామను చూడ్డానికి వీధి వీధంతా ఎగబడింది. గ్రహ నీహారికను చూడ్డానికి మాత్రం ఎవరూ రాలేదు.

1997 ఎండాకాలంలో సుకుమారికి దగ్గు పట్టుకుంది. మే నెలాఖరుకు దగ్గులో నెత్తురు పడింది. నెల్లూరు ఆస్పత్రికి తీసుకుపోతే క్షయ అని తేల్చారు. అక్కడ ఒక పెద్ద డాక్టరమ్మ ఉండేది, నిదానంగా, ఒక్కో మాటా విడమరిచి చెప్పే మనిషి. మాత్రలు పొద్దుతప్పకుండా వెయ్యాలంది. గాలి బాగా ఆడేచోట పడుకోబెట్టమంది. అందులో ఒక మాత్రను చేత్తో పట్టుకుని, "ఇది జబ్బుకు మంచిదే, కానీ ఒక్కోసారి కంటినరాన్ని పట్టుకుంటుంది. చదవడం కష్టమైనా, ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోయినా, ఇది మానేసి ఆ రోజే నా దగ్గరికి రండి. తొందరగా వస్తే పోయిన చూపు మళ్ళీ వస్తుంది. ఆలస్యం చేస్తే నా చేతుల్లో లేదు," అని చెప్పింది. జయపాల్ తలూపాడు. సైన్సు మాస్టారు కదా, ఆయనకు రెండోసారి చెప్పాల్సిన పని లేదనుకుంది ఆమె.

అలా సుకుమారి మంచం మిద్దెమీదికి చేరింది. పొద్దుగుంకగానే ఇద్దరూ పైకెక్కేవాళ్ళు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో వాళ్ళు అంతసేపు మాట్లాడుకున్నది ఆ రోజుల్లోనే. ఆకాశం నెత్తిమీదే ఉండటంతో జయపాల్ నోటికి తాళం ఊడిపోయింది.

"మన సూర్యుడి మాదిరి నక్షత్రం ముసలిదైతే ఉబ్బిపోతాది సుకుమారీ. ఉబ్బి ఉబ్బి, పైనుండే పొరలన్నీ ఊది పారేస్తాది. నడిమిలో గింజ మిగిలిపోతాది. చిన్నదే, గానీ మహా వేడి. దాని వెలుగులో ఎక్కువ భాగం మన కంటికి ఆనదు. ఆ ఆనని వెలుగు తగిలి చుట్టూ ఉండే గాలి వెలగతా ఉంటాది. అదీ గ్రహ నీహారికంటే."

"మరి గ్రహం యాడుండాది?"

"గ్రహం లేదు. పాతకాలంలో చిన్న టెలిస్కోపుల్లో చూసినోళ్ళకి గుండ్రంగా గ్రహం మాదిరి కనపడింది. ఆ పేరే నిలిచిపోయింది."

"లేందానికి పేరు పెట్టి, ఉండేదాన్ని వదిలేసినారు. బాగుండాది మీ చదువు," అంది సుకుమారి. నవ్వితే దగ్గు వచ్చేది, అయినా నవ్వేది. "సరే, ఆ గింజ మహా వేడన్నావే, ఎట్టా తెలిసింది? పోయి చెయ్యి పెట్టి చూసినారా?"

ఆ ప్రశ్నకు జయపాల్ పొంగిపోయాడు. "అదే గదా గొప్ప! ఆ నడిమి చుక్కను చూసి కొలవరు. చుట్టూ ఉండే గాలి ఎంత వెలగతా ఉండాదో కొలుస్తారు. ఇంత వెలగాలంటే దీన్ని వెలిగించేది ఎంత వేడిగా ఉండాలా అని లెక్క గడతారు. గాలి ఎంత జోరుగా బయటికి పోతా ఉండాదో రంగుగీతలు చెప్తాయి. మనవైపు వచ్చే గాలికి గీత ఒకపక్కకి జరుగుతాది, అవతలికి పోయేదానికి ఇంకోపక్కకి జరుగుతాది. ఏళ్ళ ఎడంతో తీసిన ఫోటోలు పక్కపక్కన పెట్టి, ఎంత పెరిగిందో చూస్తారు. ఎంత దూరంలో ఉండాదో మాత్రం ఇంకా సరిగా తేలలా. దాంతోనే తలలు పట్టుకుంటా ఉండారు."

"పాపం," అంది సుకుమారి, నిజంగానే జాలిపడి.

హంస అనే నక్షత్రమండలంలో ఒక గ్రహ నీహారిక ఉంది. దాని నడిమి చుక్క చిన్న టెలిస్కోపులో కూడా కనిపించేంత కాంతి ఉన్నది. దాంతో ఒక తమాషా ఉంది. చుక్కను నేరుగా చూస్తే చుట్టూ ఉన్న నీహారిక ఆరిపోతుంది, చుక్క ఒక్కటే మిగులుతుంది. చూపును కాస్త పక్కకు తిప్పితే నీహారిక భళ్ళున వెలుగుతుంది. కంటి నడిమి భాగానికి వెలుతుర్లో సన్నటివి, రంగులు పట్టుకునే శక్తి ఎక్కువ. మసక వెలుగును పట్టుకునేది కంటి అంచు. అందుకే ఆకాశం చూసేవాళ్ళు పక్కచూపు సాధన చేస్తారు. ఇది మనిషికి అంత తేలిగ్గా రాదు. ఏదైనా చూడాలంటే దానివైపే చూడటం కంటికి పుట్టుకతో వచ్చిన అలవాటు మరి.

జూలైలో మబ్బు లేని ఒక సాయంత్రం జయపాల్ ఆమెకు దాన్ని చూపించాడు. "చుక్క ఉండాది. అంతే," అంది. పక్కకు చూడమన్నాడు. పక్కకు చూస్తే టెలిస్కోపు గొట్టమే కనిపించిందట ఆమెకు. "నీ పొగ నీకే ఉండనీ బావా, నాకు చుక్క చాలు," అని పోయి పడుకుంది.

సెప్టెంబరులో మళ్ళీ చూసింది. కన్ను పెట్టీ పెట్టగానే కేక వేసింది.

"బావా! ఉండాది! గుండ్రంగా, బూడిదరంగులో, పొగ మాదిరి!"

జయపాల్ గుండె ఎగిరి గంతేసింది. "చూసినావా! ఇప్పుడు నేరుగా చూడు. ఆరిపోతాది."

"ఆరలా."

"నేరుగా చూడమంటా ఉండా సుకుమారీ!"

"నేరుగానే చూస్తా ఉండా. ఆరడంలా. అట్నే ఉండాది. చుక్కే కనపడడంలా."

ఆ చివరి మాట ఆయన చెవిన పడి ఉంటే ఈ కథ అక్కడే ఆగిపోయేది. పడలేదు. ఆయన చెవి నిండా "ఆరలా" అన్న మాటే ఉంది. ఎవరికైనా ఆరిపోయే నీహారిక తన భార్యకు ఆరలేదు! ఏళ్ళు సాధన చేసినవాళ్ళకు కూడా నిలవని పక్కచూపు ఆమెకు నిలిచిపోయింది! దేవుడు ఆమెకు ఒకటి ఇవ్వకపోతే ఇంకొకటి ఇచ్చాడు అనుకుని, ఆ సాయంత్రం ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. సంతోషంతో ఏడ్చాడు, ఖర్మ.

మర్నాడు స్టాఫ్ రూములో ఇదే మాట. తెలుగు పండితుడు మాల్యాద్రిని సాయంత్రం మిద్దె ఎక్కించాడు. మాల్యాద్రి చూశాడు. చుక్క కనిపించింది. పక్కకు చూస్తే పొగ వచ్చింది, నేరుగా చూస్తే పోయింది. తర్వాత సుకుమారి చూసి, "నాకు పోవడంలా సార్," అంది. మాల్యాద్రి రెండు చేతులూ జోడించాడు. "అమ్మా, మేమందరం ఊరికే కళ్ళు మోస్తా ఉండాం. కళ్ళంటే నీవి," అన్నాడు. జయపాల్ ఆ మాటకు ఎంత మురిశాడో! మర్నాడు తొమ్మిదో తరగతి పిల్లలకు పాఠం ఆపి మరీ ఇది చెప్పాడు.

సుకుమారి ఏమీ దాచలేదు. ఇది రాసిపెట్టుకోవాలి. ఆమె ప్రతిదీ చెప్పింది.

"బావా, పుస్తకంలో అక్షరాలు నడిమధ్యన తినేసినట్టుండాయి," అని చెప్పింది. జయపాల్ నవ్వాడు. "నలభై దాటినాయి గదమ్మా నీకు. చత్వారం. నాకు రాలా?" అని ఆత్మకూరుకు పోయి అద్దాలు తెచ్చిచ్చాడు. అద్దాలతో చదువు కుదరలేదు. కొత్త కదా, అలవాటు కావాలన్నాడు. ఆదివారం వాక్యం ఆమెకు సగం నోటికొచ్చిందే కాబట్టి చర్చిలో ఎలాగో గడిచిపోయింది.

అన్నంలో రాళ్ళు రావడం మొదలైంది. పలుకురాయి పంటికింద పడి కటుక్కుమంటే, "ఆకాశంలో పొగ కనపడతాది గానీ చేటలో రాయి కనపడదా నీకు?" అని పరాచికమాడాడు. "కనపడడంలా బావా," అంది ఆమె. ఈసారి నవ్వలేదు. ఆయన నవ్వాడు.

ఒక సాయంత్రం పెరట్లో నిలబడి, "ఈ మందారం ఇట్టా బూడిదరంగైపోయిందేంది?" అంది. జయపాల్ దగ్గర దానికీ సమాధానం ఉంది. వెలుతురు తగ్గేటప్పుడు కంటికి మొదట నల్లబడేది ఎరుపేనని, మసకలో కన్ను రంగులు పట్టుకోదని, నీహారిక ఫోటోలో రంగులుగా ఉండి కంటికి బూడిదగా ఉండటం కూడా అందుకేనని, మందారం పక్కనే నిలబెట్టి పాఠం చెప్పాడు. చెప్పిన ప్రతి ముక్కా నిజమే. అదే కదా ఘోరం. అబద్ధం చెప్పి ఉంటే ఎవరో ఒకరు పట్టుకుని ఉండేవాళ్ళు.

రెబెకమ్మ కూతుర్ని చూడ్డానికి వచ్చి రెండు రోజులుంది. పోయే ముందు అల్లుణ్ణి పక్కకు పిలిచింది.

"ఒరే అబ్బయా, బిడ్డ నాతో మాట్లాడేటప్పుడు నా మొహం చూడడంలా. నా చెవి పక్కన యాడో చూస్తా ఉండాది. నాకెందుకో భయంగా ఉండాదిరా. ఒకసారి ఆ డాక్టరమ్మకు చూపించు."

"అత్తా, అది పక్కచూపు. నేనే నేర్పించినా. టెలిస్కోపు చూసేవాళ్ళకి అట్టా అలవాటైపోతాది," అన్నాడు జయపాల్.

"అలవాటేందిరా, మనిషిని చూడకుండా!"

"నీకు చెప్తే అర్థం కాదులే అత్తా." అన్నాడు ఆ మాట. మేనత్తను. ఎత్తుకుని పెంచిన మనిషిని. ఆమె సంచీ తీసుకుని బస్టాండుకు పోయింది.

నవంబరంతా వానలు, తుఫాను. ఆకాశం తెరిపిచ్చేసరికి హంస మండలం ఊరికి పడమరనున్న దుర్గం కొండ వెనక్కి ఒరిగిపోయింది. టెలిస్కోపుకు గోనెపట్టా కప్పేశాడు. సుకుమారికి దగ్గు తగ్గింది, ఒళ్ళు చేసింది, మొహంలో కళ వచ్చింది. డిసెంబరు మొదటి వారంలో క్రిస్మస్ బట్టలు కొనడానికి ఇద్దరూ ఆత్మకూరు పోయారు.

ఆదిలక్ష్మమ్మ బట్టల కొట్టు బజారు మొగదల్లో ఉంటుంది. ఏటా వాళ్ళు కొనేది అక్కడే. సుకుమారికి పండుగ చీరంటే తెల్లచీర, ఎర్రంచు. ఆదిలక్ష్మమ్మ ఆ మాట అడగనక్కర్లేకుండా చీరలు తీసి పరిచింది. సుకుమారి చేత్తో తడిమి, పక్కకు తిరిగి చూసి, ఒకటి తీసుకుంది.

"ఈ ఎర్రంచు బాగుండాది. ఇది కట్టియ్యి వదినా."

"అది పచ్చంచు గదమ్మా! ఎరుపు ఇదీ," అంది ఆదిలక్ష్మమ్మ.

సుకుమారి రెండు చీరలూ పట్టుకుని కొట్టు గడప దగ్గరికి వచ్చింది. రెండంచులూ ఎండలో పెట్టింది. తల అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"రెండూ ఒకటే గదా," అంది.

జయపాల్ నవ్వి, చెప్పబోయాడు. మసకలో కన్ను రంగులు పట్టుకోదు అని మొదలుపెట్టడానికి నోరు కూడా తెరిచాడు. ఎదురుగా బజారంతా ఎండ. వీధి మధ్యలో ఎడ్లబండి నీడ బండి కిందే ఉంది. చీర అంచు ఎర్రగా భగభగా మండుతూ ఉంది. దానికి చెప్పడానికి ఆయన దగ్గర పాఠం లేదు.

నెల్లూరు డాక్టరమ్మ మాట అప్పుడు గుర్తొచ్చింది. మాటకు మాట గుర్తొచ్చింది. చదవడం కష్టమైనా. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోయినా. ఆ రోజే రండి. కొట్టు అరుగుమీద కూలబడ్డాడు.

"ఏమైంది అయ్యోరా? కళ్ళు తిరగతా ఉండాయా? నీళ్ళు తాగండి," అని ఆదిలక్ష్మమ్మ చెంబు తెచ్చింది. ఆయన నీళ్ళు తాగలేదు. చీరలు అక్కడే వదిలేసి, సుకుమారి చెయ్యి పట్టుకుని బస్టాండుకు పరిగెత్తాడు.

"యాడికి బావా? ఏందిది? నలుగురూ చూస్తా ఉండారు, చెయ్యి వదులు," అంటూనే ఉంది ఆమె. నెల్లూరు బస్సు ఎక్కాక, ఆ మాత్ర గురించి డాక్టరమ్మ అన్నది చెప్పాడు. "అయితే చత్వారం కాదా?" అంది సుకుమారి విని.

డాక్టరమ్మ తన పెన్ను ఎర్రమూత ఆమె కళ్ళముందు పెట్టి ఏ రంగని అడిగింది. "నల్లగా ఉండాదమ్మా," అంది సుకుమారి. పక్కకు జరిపి అడిగింది. "ఇప్పుడు ఏదో ఉండాది." తన మొహం చూడమంది. "మీ జుట్టు కనపడతా ఉండాది. భుజాలు కనపడతా ఉండాయి. మొహం ఉండేచోట ఏం లేదు." డాక్టరమ్మ టార్చిలైటు పెట్టి లోపలంతా చూసింది. చూపు నడిమి భాగం రెండు కళ్ళలోనూ పోయిందని, అంచులు మాత్రం మిగిలాయని చెప్పింది. ఆ మాత్ర అప్పటికప్పుడు ఆపేసింది.

"ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉంది?"

జయపాల్ తలొంచుకున్నాడు. "సెప్టెంబరు," అన్నాడు.

"సెప్టెంబరులో వచ్చి ఉంటే..." అని డాక్టరమ్మ ఆగిపోయింది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "మీరు సైన్సు చెప్తారు కదండీ?" అని మాత్రం అడిగింది. ఆ ప్రశ్న ఆయన గుండెలో దిగిపోయింది, ఇప్పటికీ అక్కడే ఉంది.

కొందరికి నెలల మీద నెమ్మదిగా తిరిగి వస్తుందని, ఆశ వదులుకోవద్దని చెప్పి పంపించింది. ఆశ ఎక్కడ వదులుకుంటాడు! క్రిస్మస్ రోజు చర్చిలో వాక్యం చదవమని పాస్టరుగారు పుస్తకం చేతికిస్తే, సుకుమారి పక్కనున్న ఆడపిల్లకు ఇచ్చేసింది. ఆ పిల్ల తడబడుతూ చదివింది. సుకుమారి పెదాలు లోపల్లోపలే కదులుతూ ఉన్నాయి. జయపాల్ మగవాళ్ళ వైపు కూర్చుని ఆ పెదాల్నే చూశాడు. ఆ రోజు ఆయన ఏ పాటా పాడలేదు.

పండుగ పోయాక రోజూ పొద్దున్నే పలకమీద పెద్ద అక్షరం రాసి ఆమె ముందు పెట్టేవాడు. నిన్నటికన్నా కనపడుతోందా? అంచు తెలుస్తోందా? ఎర్రబట్ట, పచ్చబట్ట తెచ్చి ఎండలో పట్టేవాడు. ఆమె ఓపిగ్గా చెప్పేది. లేదు. లేదు. తెలవడంలా. ఒకరోజు పలకను చేత్తో తోసేసింది. అది బండమీద పడి పగిలింది.

"నాకు పరీక్షలు పెట్టబాక బావా! అప్పుడెందుకు పెట్టలా? నేను చెప్పినాను గదా. అక్షరం కనపడడంలా అని చెప్పినా. రాయి కనపడడంలా అని చెప్పినా. పువ్వు రంగు పోయిందని చెప్పినా. ప్రతిదీ నీకే చెప్పినా, ఇంకెవురికి చెప్పేది? నేను చెప్పినదానికల్లా నువ్వు పాఠం చెప్పినావు. నా కళ్ళను మెచ్చుకున్నావు గానీ, నేనేం అంటా ఉండానో ఒక్కసారన్నా విన్నావా?"

అంతే. మళ్ళీ ఎప్పుడూ ఆమె ఆ మాట ఎత్తలేదు. జయపాల్ పలక ముక్కలు ఏరుకుంటూ అక్కడే నేలమీద కూర్చున్నాడు. ఏరడం అయిపోయాక కూడా లేవలేదు. మేనత్త రెబెకమ్మ కబురు తెలిసి వచ్చింది. కూతురికి అన్నం కలిపి పెట్టింది, తర్వాత అల్లుడికి కూడా పెట్టింది.

మే నెలలో ఆఖరిసారి నెల్లూరు పోయారు. డాక్టరమ్మ ఊపిరితిత్తుల ఫోటో వెలుతురుకు పెట్టి చూసి, క్షయ పూర్తిగా నయమైందని చెప్పింది. తర్వాత కళ్ళలోకి చూసింది. ఎంతోసేపు చూసింది. కంటినరం తెల్లబడిపోయిందని, ఇంక చూపు తిరిగి రాదని, అంచుల్లో ఉన్నది మాత్రం ఎక్కడికీ పోదని చెప్పింది. "మంచిదమ్మా," అని సుకుమారి ఆమెకు నమస్కారం పెట్టింది. నమస్కారం డాక్టరమ్మకు కొంచెం పక్కగా పోయింది.

ఉదయగిరి బస్సులో ఆమెను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, జయపాల్ పక్కన కూర్చున్నాడు. సంగం దగ్గర పెన్న మీది గాలి చల్లగా కొట్టింది. ఆ గాలికి ఆయనలో బిగబట్టుకున్నది తెగిపోయింది.

"సుకుమారీ, నన్ను తిట్టు. కొట్టు. నీ కళ్ళు నేనే తీసేసినా. ఆ మాత్ర తియ్యలా, నేను తీసేసినా. నాకు తెలిసిన నాలుగు ముక్కలు పట్టుకుని నిన్ను గుడ్డిదాన్ని చేసినా."

సుకుమారి మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది.

ఆయనకు ప్రాణం పోయినట్టయింది. తిట్టినా పడేవాడు. ఇలా మొహం తిప్పేసుకుంటే ఏం చెయ్యాలో తెలియలేదు. బస్సులో జనం ఉన్నారన్నది కూడా మరిచిపోయి, ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాడు.

"ఇటు తిరుగు. నీ కాళ్ళు పట్టుకుంటా. నన్ను క్షమించబాక, పర్వాలేదు. ఒక్కసారి ఇటు తిరిగి నా మొహం చూడు, అంతే చాలు."

సుకుమారి తిరగలేదు. కిటికీ వైపే ఉండి, నెమ్మదిగా చెప్పింది.

"నిన్ను చూడాలనే గదా బావా, అటు తిరిగినా. ఇటు తిరిగితే నువ్వుండవు."

జయపాల్‌కు ఏడుపు ఆగిపోయింది. ఆమె కంటికొసన తాను ఉన్నాడని తెలిసి, ఉన్నచోటు నుంచి కదలకుండా, మొహం తుడుచుకోవడానికి కూడా చెయ్యి ఎత్తకుండా, ఉదయగిరి దాకా అలాగే కూర్చున్నాడు.